కోతా బారు బస్సులో మొదటి సీటు

బోలా అంటే నాకు గిట్టదు. ఫుట్‌బాల్‌ని మేమిక్కడ మలయ్ మాటతో బోలా అనే అంటాం. ఇరవై రెండు మంది ఒక బంతి వెంట పరుగులు తీస్తుంటే, అది చూడడానికి టిక్కెట్టు కొని, రంగు చొక్కా తొడుక్కుని, రాష్ట్రాలు దాటిపోయి గొంతు పోగొట్టుకుని వచ్చే మనిషిని ముప్పై నాలుగేళ్లు భరించాను. మా ఆయన అప్పన్న అలాంటివాడు. పెళ్లయిన మూడో రోజే నన్ను ఇంట్లో దింపి ఇపో ఊళ్లో మ్యాచ్‌కి వెళ్లిపోయాడు.

అలాంటి నేను మొన్న మా సెలంగోర్ జట్టు కప్పు సెమీఫైనల్ ఆడుతుందంటే, బంటింగ్ నుంచి కోతా బారు దాకా ఐదు వందల కిలోమీటర్లు అభిమానుల బస్సులో వెళ్లి వచ్చాను. ఆట కోసం కాదు. పోయిన సంవత్సరం ఇదే బస్సు మా ఆయన్ని అక్కడ వదిలేసి వచ్చింది. ఎలా వదిలేసిందో తెలుసుకుందామని వెళ్లాను. తెలిసింది. మా ఊళ్లో ఈ సంగతి గురించి నోటికొచ్చింది మాట్లాడినవాళ్లు చాలామంది ఉన్నారు, అందరికంటే ఎక్కువ మాట్లాడింది నేనే. అందుకని దారిలో చూసిందీ తిన్నదీ విన్నదీ అంతా దాచకుండా రాస్తున్నాను.

బంటింగ్: రామాలయం ముందు

బస్సు నడిపించేది సింహాచలం బావ. నడపడం అంటే స్టీరింగు పట్టుకోవడం కాదు, టిక్కెట్లు కొని, మనుషుల్ని పోగేసి, తీసుకెళ్లి తీసుకురావడం. మా ఆయనకి పెదనాన్న కొడుకు. తోటలున్న కాలంలో మా ఎస్టేట్ జట్టుకి గోల్‌కీపరు. ఇరవై ఏళ్లుగా ఈ బస్సు ఆయనదే.

కప్పులో ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీస్తారు. ఈసారి కూడా మా జట్టుకి కెలాంతన్ వాళ్లే తగిలారు, మొదటి ఆట వాళ్ల కోతా బారులోనే. బయట నుంచి వచ్చేవాళ్లకి స్టేడియంలో ఒక మూల మాత్రమే ఇస్తారు. ఆ మూల టిక్కెట్లు ఫోన్లో అమ్మకానికి పెట్టిన పావుగంటలో అయిపోతాయి. బావ రెండు ఫోన్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ముప్పై ఒకటి సంపాదించాడు. టిక్కెట్టు ముప్పై రింగిట్లు, బస్సుకి డెబ్బై. ఒకప్పుడు ఆ బస్సులో సీటుకి సిఫారసులు నడిచేవి, పోయిన సంవత్సరం కూడా నలభై మంది వెళ్లారు. ఈసారి బతిమాలినా ముప్పై ఒక్కరే దొరికారు, అదీ బావతో, నాతో కలిపి. మనిషిని మరిచిపోయి వచ్చినవాడితో ఎవరెళ్తారు?

ఆ మాట పుట్టించింది నేనే. మా ఆయన పోయిన పదకొండో రోజున, అన్నాల పంక్తిలో అందరి ముందూ అన్నాను. "నలుగురు మనుషుల్ని లెక్కెట్టడం రానోడికి బస్సెందుకు?" అని. ఆ నెలలోనే బావని గుడి కమిటీలోంచి తీసేశారు. ఏడాది పాటు నేను ఆయనతో మాట్లాడలేదు. మొన్న వాళ్లింటి గుమ్మంలో నిలబడి "నేనూ వస్తాను" అంటే, నమ్మలేనట్టు చూశాడు.

"బోలాకా? నువ్వా? ఎందుకు లా?" మాట చివర ఈ లా ఇక్కడందరికీ అలవాటు.

"సూడాలి. ఆ సోటు సూడాలి."

"సరే, రా," అన్నాడు.

పోయిన సంవత్సరం ఇదే గుడి ముందు, ఇదే వేళకి, తెల్లవారి ఐదింటికి జరిగింది చెప్పాలి. మా ఆయనకి ఫ్లాస్కు ఇద్దామని వచ్చాను. బావ మనుషుల్ని లెక్కపెడుతున్నాడు. పాతకాలం మనిషి కదా, ధాన్యం కొలిచినట్టు మొదటి మనిషి మీద వేలు పెట్టి "లాభం" అన్నాడు, తర్వాతి మనిషిని "రెండు" అన్నాడు. ఒకటి అనే బదులు లాభం అనడం మన పెద్దల అలవాటు. కానీ కౌలా సెలంగోర్‌లో మా తాత పద్ధతి వేరు. మొదటి కుంచం దేవుడికని పక్కన పోసి దానికి లాభం అనేవాడు, అది లెక్కలోకి రాదు. ఆ తర్వాత కుంచం నుంచి ఒకటి, రెండు.

నేను ఇరవై ఏళ్లు ఆదివారం బడిలో పిల్లలకి తెలుగు చెప్పినదాన్ని. తప్పు కనిపిస్తే నోరు ఊరుకోదు. "మనిషేమైనా ఒడ్లా బావా, మనిషి మీద లాభం అంటావు? దేవుడికి లాభం సెప్పు, మనుషులకి ఒకటి నుంచి సెప్పు," అని బస్సంతా వినేలా అన్నాను. నవ్వులు. బావ సిగ్గుపడి, డ్రైవరు పైన అంటించిన రాముడి పటం మీద చెయ్యి పెట్టి "లాభం" అన్నాడు. వెంటనే మొదటి సీట్లో ఉన్న మా ఆయన, నన్ను ఆటపట్టించడానికి, బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తి "ఒకటి!" అని అరిచాడు. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే బస్సు వెళ్లిపోయింది. నేను ఆయన్ని ప్రాణంతో చూసింది అదే చివరిసారి.

గువా ముసాంగ్: గుంటల రోడ్డు

ఈసారి బావ నాకు ఆ మొదటి సీటే ఇచ్చాడు. ఇవ్వాలని ఇచ్చాడో, అందులో కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదో అడగలేదు. లెక్కపెట్టడం ఆయన మానేశాడు. ఇప్పుడు ఎక్కేటప్పుడు ప్రతి మనిషికీ ఒక పసుపు అట్టముక్క ఇస్తాడు, తనకీ ఒకటి ఉంచుకుంటాడు, ఆగిన చోటల్లా కదిలేముందు అవన్నీ వెనక్కి తీసుకుంటాడు. ముప్పై ఒక్క ముక్కలు చేతికొస్తేగానీ బస్సు కదలదు.

కౌలాలంపూర్ దాటాక కొండ రోడ్డు. బెంతోంగ్, రావుబ్, లిపిస్. లిపిస్ నుంచి ఒకటే వాన. రోడ్డుకి రెండువైపులా పామాయిల్ తోటలు, ఎదురుగా దుంగల లారీలు, గుంటలో పడ్డప్పుడల్లా పైన సామాను తల మీదికొచ్చేది. నా పక్కన లత అని ముప్పై ఏళ్ల అమ్మాయి, క్లాంగ్‌లో లెక్కల గుమాస్తా. తండ్రి తెలుగు, తల్లి తమిళం. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి రాదు.

"అక్కా, సాప్టీంగళా? తిన్నారు?" అని అడిగి నా జవాబు కోసం చూడకుండా ఇడ్లీ పొట్లం విప్పింది. నా ఫ్లాస్కు మూత సరిగ్గా పెట్టలేదేమో, వేడి కాఫీ మొత్తం ఆ పిల్ల ఎర్ర చొక్కా మీద పడింది. "పర్వాలే లా, మ్యాచ్‌కి ఇంకోటి ఉంది," అంది. మా ఆయన కూడా ఎప్పుడూ రెండు చొక్కాలు పెట్టుకునేవాడు, ఓడిపోతే ఒకటి మార్చుకోవడానికి.

గువా ముసాంగ్‌లో సున్నపురాయి కొండ కింద భోజనానికి ఆగాం. అన్నం, చేప కూర, వంకాయ, ఏడు రింగిట్లు. కూరలో చింతపండు మనకంటే ఎక్కువ, చక్కెర ఇంకా ఎక్కువ. బావ ఒక్కడే దూరంగా బల్ల మీద టీ ముందు కూర్చున్నాడు. వెళ్లి ఎదురుగా కూర్చుని ఏడాదిగా అడగాలనుకున్నది అడిగాను.

"మనిషి తగ్గితే లెక్క తగ్గాలి గదా బావా. ఆయేళ ఎంతొచ్చినాది?"

"నలబై."

"ముప్పై తొమ్మిది మందుంటే నలబై ఎలాగొస్తాది?"

"అదే నాకూ అంతు సిక్కలేదు." కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "రొండుసార్లు లెక్కెట్టినాను పార్వతీ. రొండుసార్లూ నలబై. ముందు సీట్లో కానరాలేదు గానీ, ఓడిపోతే అప్పన్న ఎనక్కెల్లి బారుసీటు మీద తొంగుంటాడు గదా, అలాగే తొంగున్నాడనుకున్నాను. లెక్క సరిపోయినాదని ఎల్లి సూడలేదు. అది నా తప్పే. ఆ నలబై మాత్తరం నిద్దట్లో కూడా ఒదల్దు నన్ను."

నేను నమ్మలేదు. తాగి ఉంటాడు, లెక్కే పెట్టి ఉండడు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది కూడా.

కోతా బారు: నీలం అన్నం

సాయంత్రానికి చేరి, గదికి నలుగురం చొప్పున ఒక చవక హోటల్లో పడుకున్నాం. తెల్లారితే శుక్రవారం. అక్కడ మనకి ఆదివారం ఎలాగో వాళ్లకి శుక్రవారం అలాగ. మధ్యాహ్నం నమాజు వేళకి దుకాణాలన్నీ తలుపులు దించేస్తాయి. ఒక పెద్ద దుకాణంలో డబ్బు కట్టే చోట మగవాళ్లకొక వరస, ఆడవాళ్లకొక వరస. నేను తెలియక మగవాళ్ల వరసలో నిలబడితే ఒక ముసలాయన కళ్లు నేలకి దించి వేలితో పక్క వరస చూపించాడు.

బజారంతా ఆడవాళ్లదే. మిర్చి బస్తాల మధ్య, ఎండుచేపల మధ్య గట్టుల మీద కాళ్లు ముడుచుకుని మహారాణుల్లా కూర్చుంటారు. బేరం ఒకసారే ఒప్పుకుంటారు, రెండోసారి అడిగితే మొహం తిప్పేసుకుంటారు. లతా నేనూ అక్కడి నీలం అన్నం తిన్నాం. ఏదో పువ్వు రసంతో వండుతారట. పైన పచ్చి ఆకులు, కొబ్బరి, కాల్చిన కోడి. పొట్లం ఎనిమిది రింగిట్లు. పక్కన చేపల పులుసు లాంటిదొకటి ఇస్తారు, దాని వాసనకి కళ్లు తిరిగాయి. మా ఆయన ఇంటికొచ్చి ఈ అన్నం గురించి ఎన్నిసార్లు చెప్పాడో. ఒకసారి పొట్లం తెస్తే, పాచిపోయిందని కుక్కకి పెట్టాను. ఇప్పుడు పొట్లం మొత్తం తిన్నాను. బాగుంది. అదే నా ఏడుపు.

స్టేడియం వెనక: అరటికాయ బజ్జీల బండి

ఆట నాలుగున్నరకి. గేటు బయట మా మూల టిక్కెట్లు మూడింతల ధరకి అమ్మేవాళ్లు తిరుగుతున్నారు. కొనేవాళ్లు లేక ఆటకి ముందు అసలు ధరకే దిగారు. అందరూ లోపలికి వెళ్లారు. నా టిక్కెట్టు చేతిలోనే ఉంది. నేను గోడ పక్కగా నడుచుకుంటూ వెనక్కి వెళ్లాను.

ఆస్పత్రి కాయితంలో ఆయన్ని తీసుకొచ్చినవాళ్ల పేరు రాయలేదు, 'స్టేడియం వెనక బండివాళ్లు' అని మాత్రం ఉంది. బళ్లు అయిదారు ఉన్నాయి. మూడో బండి దగ్గర ఫోటో చూపించగానే ఆవిడ గరిటె నూనెలోనే వదిలేసి, చేతులు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. అరవై ఏళ్లుంటాయి. పేరు అడిగితే నవ్వి, మక్‌చిక్ అను చాలు అంది. మనం పిన్నీ అన్నట్టు. మొగుడికి పొయ్యి అప్పగించి, నన్ను బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఇక్కడే కూర్చున్నాడు," అంది. ఆవిడ మలయ్‌లో చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను. "ఆట అయిపోయాక వచ్చాడు. చెమటలు. పాలు లేని టీ అడిగాడు, చక్కెర ఎక్కువేయమన్నాడు. ఎడమచెయ్యి నొప్పి అన్నాడు. ఆస్పత్రికి పోదాం అంటే వద్దన్నాడు. బస్సు వస్తుంది, నేను లేచి వెళ్తే వాళ్లు వెతుక్కుంటారు అన్నాడు."

ఫోను బస్సులో ఛార్జింగ్‌కి పెట్టి దిగాడు. ఆ సంగతి నాకు తెలుసు. మర్నాడు పొద్దున్న బంటింగ్‌లో బస్సు దగ్గర నిలబడి, దిగేవాళ్లలో ఆయన కనిపించక ఫోన్ చేస్తే, అది మొదటి సీటు దగ్గర మోగింది. ఎవరి నంబరూ ఆయనకి నోటికి రాదు. నాది కూడా.

"బస్సు వెళ్లిపోయిందని ఈ పొయ్యి దగ్గరున్న మా ఆయన చూసొచ్చి చెప్పాడు," అంది మక్‌చిక్. "అయినా మీ ఆయన నమ్మలేదు. నవ్వాడు కూడా. మా బస్సులో లెక్క పెడతారు, లెక్క నాతోనే మొదలు, నేను ఒకటి అనకపోతే ముందుకెళ్లదు, మా ఆవిడే అలా నేర్పింది, దారిలో కనుక్కుని తిరిగొస్తారు అన్నాడు. గంటసేపు రోడ్డు వైపే చూశాడు. ఒరిగిపోయాక మా వ్యాన్లో వేసుకెళ్లాం. తెల్లారేదాకా నేను అక్కడే ఉన్నాను. ఒంటరిగా పోలేదమ్మా, అది మాత్రం నమ్ము."

లోపల ఎవరో గోలు కొట్టారు. మావాళ్లు కాదని అరుపుని బట్టి తెలిసింది. నేను ఆ బల్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఇంకో మాట అనకుండా పక్కనే కూర్చుంది. ఇంట్లో ఏడిస్తే పదిమంది ఓదార్చడానికొచ్చి పది మాటలు అంటారు. డబ్బిస్తే తీసుకోలేదు. నాలుగు బజ్జీలు పొట్లం కట్టి, నువ్వు తినకపోయినా బస్సులో ఎవరికైనా పెట్టు అంది.

లేచి వస్తుంటే ఏడుపు పోయి కోపం వచ్చింది. గంటసేపు ఎదురుచూశాడు. లెక్క పెడతారని నమ్మి ఎదురుచూశాడు. ఈ సింహాచలం బావని ఇవాళ అందరి ముందూ కడిగేస్తాను అనుకున్నాను.

తిరుగు దారి: కదలని బస్సు

రెండు సున్నాతో ఓడిపోయి మావాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఎక్కారు. ఇంకా వెలుగుంది. బావ గుమ్మంలో నిలబడి పసుపు ముక్కలు తీసుకుంటున్నాడు. ముప్పై ఒకటీ వచ్చాయి. డ్రైవరు ఇంజను వేశాడు.

"ఆపించు బావా," అన్నాను. "అట్టముక్కలు కాదు. ఆయేళ ఎలాగ లెక్కెట్టినావో అలాగే ఇప్పుడు లెక్కెట్టు. నాను సూడాలి."

బావ నా మొహంలోకి చూశాడు. వద్దంటాడనుకున్నాను. వెనక్కి తిరిగి, రాముడి పటం మీద చెయ్యి పెట్టాడు.

"లాభం," అన్నాడు.

తర్వాత వేలు నా మీదికి తిప్పాడు. మొదటి సీట్లో ఉన్నది నేనే.

"రెండు," అన్నాడు.

లతని చూపించి "మూడు" అన్నాడు. నాలుగు, అయిదు అంటూ వెనక్కి వెళ్లిపోయాడు. ఆయనకేమీ తెలియలేదు. అరవై ఏళ్లుగా లాభం తర్వాత రెండే ఆయన నోటికి. వెనక సీటు దాకా వెళ్లి, తనమీద వేలు పెట్టుకుని, "ముప్పై రెండు" అని ఆగాడు. చేతిలోని ముక్కల్ని చూసుకున్నాడు. ముప్పై ఒకటి. మళ్లీ మనుషుల్ని చూశాడు. నిలబడ్డచోటే సీటు పట్టుకున్నాడు.

నాకు అప్పుడు కనిపించింది. ఆవేళ వెళ్లేటప్పుడు, ఆగిన ప్రతిచోటా, బావ పటం ముట్టి లాభం అనగానే మా ఆయన ఒకటి అని అరిచి ఉంటాడు. ఆ అరుపు పట్టుకుని బావ తర్వాతివాడికి రెండు అనుకుంటూ పోయాడు, లెక్క సరిగ్గా వచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ఒకటి అనేవాడు లేడు. లాభం దేవుడి మీద పడింది, రెండు మొదటి మనిషి మీద పడింది. ముప్పై తొమ్మిది మంది నలభై అయిపోయారు. మా ఆయన లేకపోబట్టే లెక్క సరిపోయింది. బావని తన పద్ధతిలో లెక్కపెట్టుకోనిచ్చి ఉంటే ముప్పై తొమ్మిదే వచ్చేది, స్టేడియం దాటకముందే తెలిసేది. ఆ పద్ధతి చెడగొట్టింది నేను. నా తాత గొప్ప, నా బడి గొప్ప, పదిమందిలో ఒక ముసలాయన్ని దిద్దిన సంబరం.

కడగాలని లేచినదాన్ని కూర్చోలేక నిలబడలేక ఉండిపోయాను. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ ఆయన సీటు పట్టుకుని ముప్పై రెండు, ముప్పై రెండు అని గొణుక్కుంటున్నాడు.

చెప్పాను. అందరికీ వినబడేలా, పోయిన సంవత్సరం ఎంత గట్టిగా దిద్దానో అంత గట్టిగా. లతకి పూర్తిగా అర్థం కాకపోతే తమిళంలో మళ్లీ చెప్పాను. బావ నెమ్మదిగా ముందుకొచ్చాడు.

"అయితే ఆడు లేకపోబట్టే నలబై ఒచ్చినాదా?"

"ఆ."

"నాను తాగలేదు పార్వతీ. లెక్కెట్టినాను."

"లెక్కెట్టినావు బావా. నాదే తప్పు."

కాదని అంటాడేమో, ఓదారుస్తాడేమో అనుకున్నాను. అనలేదు. మెట్టు మీద కూలబడి మొహం కప్పుకుని ఏడ్చాడు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. మక్‌చిక్ ఇచ్చిన పొట్లం నా చేతిలో ఇంకా వెచ్చగానే ఉంది.

స్టేడియం ముందు జనం పలచబడ్డారు. బావ లేచి, చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, పసుపు ముక్కలన్నీ డ్రైవరు పక్కన పడేశాడు.

"ఎలాగ లెక్కెట్టమంటావు ఇప్పుడు?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు.

"నీ ఇష్టం బావా. నాను సెప్పను."

పటం మీద చెయ్యి పెట్టాడు. "లాభం," అన్నాడు. అని ఊరుకున్నాడు. వేలు ఎత్తలేదు. నా వైపు చూడనూ లేదు. మా ఆయన అరిచే చోటు అది.

చెయ్యెత్తి, "ఒకటి," అన్నాను.